ఎంటర్ కొట్టే ముందు పైకి చదవాలి

నేను రిటైరైనప్పటి నుంచి చుట్టాలందరికీ నాతో ఉన్న పని ఒక్కటే. ఫోన్ నెమ్మదిగా నడుస్తోంది, కాస్త చూసిపెట్టమంటారు. చర్చిలో మైకు గుయ్యిమన్నా నా వైపే తిరిగి చూస్తారు. కంప్యూటర్లలో పనిచేసిన మనిషి కరెంటుతో నడిచే ప్రతిదీ బాగుచేస్తుందని వాళ్ళ నమ్మకం. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు ఫోన్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి చేతికిచ్చేస్తున్నాను. సగం ఫోన్లు అలాగే బాగవుతాయి, నా పేరూ నిలబడుతుంది.

నా అసలు పని సర్వర్లను చూసుకోవడం. సికింద్రాబాద్‌లో ముందు రెండు ఆఫీసుల్లో, చివరికి ఒక ఆసుపత్రిలో ఆ పనే చేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఏ కోర్సు చేయమంటారని అడుగుతుంటారు. కోర్సుల సంగతి నాకు తెలియదు. ప్రమోషన్లు ఎలా వస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు కాబట్టి వాటి గురించీ చెప్పను. నేను గట్టిగా చెప్పగలిగేది ఒక చిన్న పని గురించి. ఫైల్ సిస్టమ్‌ను బాగుచేసే పనిముట్లను సోర్స్ కోడ్ నుంచి సొంతంగా తయారుచేసుకోవడం.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే అమరికనే ఫైల్ సిస్టమ్ అంటారు. పచారీ కొట్టాయనకు ఏ డబ్బాలో ఏముందో గుర్తున్నంతసేపు కొట్టు నడుస్తుంది. ఆ గుర్తు చెదిరితే సరుకంతా కొట్లోనే ఉంటుంది, ఏదీ చేతికి రాదు. చెదిరిన అమరికను సరిచేసే ప్రోగ్రాం ప్రతి సర్వర్‌తో పాటే వస్తుంది. కాని ఒక్కోసారి వచ్చినది చాలదు. అప్పుడు మనుషులు రాసిన దాని కోడ్ తెచ్చుకుని, మన మిషన్ మీదే కంపైల్ చేసుకోవాలి, అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చుకోవాలి. ప్యాకెట్ పిండి కొనకుండా గోధుమలు తెచ్చి మర పట్టించుకోవడం లాంటిదే. ఏళ్ళ తరబడి ఈ అవసరం రాకపోవచ్చు. వచ్చిన రోజున మాత్రం పక్కవాళ్ళెవరూ సాయానికి రారు.

డ్రైవరు కొడుకు పెట్టిన పద్ధతి

నా మొదటి బాస్ పాండురంగం గారు. వాళ్ళ నాన్న రైలింజను డ్రైవరు, ఇల్లు మౌలాలి రైల్వే కాలనీలో. ఇంజనులో డ్రైవరు సిగ్నల్ చూడగానే దాని రంగు పైకి చెప్తాడు. పక్కనున్న అసిస్టెంటు తన కళ్ళతో చూసి మళ్ళీ చెప్తాడు. ఇద్దరి మాటా కలిస్తేనే బండి ముందుకు. చిన్నప్పుడు ఇంట్లో భోజనాల దగ్గర కూడా వాళ్ళ నాన్న "ఉప్పు" అంటే అమ్మ "ఉప్పు" అని ఇచ్చేదట. ఆ అలవాటును పాండురంగం గారు కంప్యూటర్ గదిలోకి తెచ్చారు.

డిస్కును ముట్టుకునే ఏ ఆజ్ఞనైనా టైపు చేశాక ఎంటర్ కొట్టకూడదు. ముందు పైకి చదవాలి. రెండో మనిషి స్క్రీన్ చూడకుండా సర్వర్ డబ్బా దగ్గర నిలబడి, డిస్కు మీద కంపెనీ అంటించిన నంబరు చదవాలి. అప్పుడు టైపు చేసిన మనిషి ఆ డిస్కుకు మిషన్ ఏ నంబరు చూపిస్తోందో చదవాలి. రెండూ కలిస్తే ఎంటర్.

నాకు మొదట్లో సిగ్గేసింది. మా చర్చిలో ఒక వచనం పాస్టరు గారు, మరుసటి వచనం సంఘం చదివినట్టే ఉండేది. ఉద్యోగానికి వచ్చి కూడా ఆరాధన చేయాలా అనిపించేది. ఒకరోజు ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు.

"కన్ను అలవాటైందే చూస్తదమ్మా," అన్నారు. "నోటితోని చదివితే ఉన్నది కనపడ్తది."

ఆయన కటువు మనిషి. మెచ్చుకోవడం ఎరగరు. సెలవడిగితే ముఖం మాడ్చుకునేవారు. కోడ్‌తో వచ్చిన సూచనల ఫైలు చదవకుండా కంపైల్ మొదలుపెడితే కుర్చీలోంచి లేపేసేవారు. అయినా నేను చూసిన బాసుల్లో ఆయనే గొప్పవాడని ఏ మొహమాటమూ లేకుండా చెప్తాను. మంచిగా మాట్లాడే బాసులు చాలామంది దొరుకుతారు. మనం లేనప్పుడు కూడా మన చేతిని పట్టుకుని ఆపే బాసు ఒక్కరు దొరికితే అదృష్టం.

పాతదాని నెత్తిన కొత్తది

రెండో ఆఫీసు బేగంపేటలో. అక్కడి మేనేజరు గారికి కొత్త వెర్షన్ల పిచ్చి. ఫలానా పనిముట్టు కొత్తది వచ్చిందని ఎక్కడో చదివి, కోడ్ దింపి, కంపైల్ చేసి, సర్వర్‌తో వచ్చిన పాతదాని మీదే ఇన్‌స్టాల్ చేయించారు. నేను వేరే ఫోల్డర్‌లో పెడదామన్నాను. వేరు కాపురాలు ఎందుకమ్మా అని నవ్వారు. అది కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒకరోజు సర్వర్‌ను ఆపి మళ్ళీ లేపితే లేవలేదు. లేచేటప్పుడు అది వెతుక్కునే పాత పనిముట్టు లేదు, కొత్తదానికి కావలసిన తోడు ఫైళ్ళు ఆ సమయానికి అందుబాటులోకి రాలేదు. ఆఫీసంతా చేతులు కట్టుకుని కూర్చుంది.

ఆయన చెడ్డవారు కాదు, ఓపిక లేనివారు. ఈ పనిలో ఆ రెండింటికీ పెద్ద తేడా ఉండదని నా అభిప్రాయం. సొంతంగా చేసుకున్న పనిముట్టును సొంత ఫోల్డర్‌లో పెట్టండి. పిలిచినప్పుడు పూర్తి చిరునామాతో పిలవండి. సర్వర్‌తో వచ్చినదాని జోలికి పోకండి. కోడలు వచ్చిందని అత్తను ఇంట్లోంచి పంపేస్తామా?

యాదగిరి ఊపిరి

ఇప్పుడు అసలు సంగతి. ఇది నా ఉద్యోగం చివరి వేసవిలో, ఆసుపత్రిలో జరిగింది.

స్కానింగ్ బొమ్మలన్నీ ఒక సర్వర్‌లో ఉండేవి. అది పాతది. దాని సాఫ్ట్‌వేర్‌ను మార్చడానికి లేదు, మారిస్తే స్కానింగ్ మిషన్‌తో మాట్లాడే ప్రోగ్రాం నడవదు. వెనకటి ఏళ్ళ స్కాన్లున్న డిస్కు మూలుగుతోందని నరేష్ వాటిని ఒక కొత్త డిస్కులోకి మార్చాడు. నరేష్‌ది మల్కాజిగిరి. నా తర్వాత నా కుర్చీలో కూర్చోబోయే మనిషి. ముప్పై దాటినవాడు, నాకన్నా వేగంగా టైపు చేస్తాడు, నాకన్నా వేగంగా విసుక్కుంటాడు. ఆ కొత్త డిస్కును అతను ట్రయల్‌కి వచ్చిన ఒక కొత్త సర్వర్‌లో ఫార్మాట్ చేశాడు. తర్వాత డిస్కు మా పాత సర్వర్‌లోకి వచ్చింది, ఆ ట్రయల్ సర్వర్ వెనక్కి వెళ్ళిపోయింది. పాత డిస్కు పూర్తిగా పోయింది. కొత్త డిస్కుకు నకలు తీయాల్సిన పని ఇంకా ఎవరి వంతుకూ రాలేదు.

అలాంటి సమయంలో కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక సర్వర్ లేచింది కాని పాత స్కాన్లున్న ఆ కొత్త డిస్కు తెరుచుకోలేదు. బాగుచేసే ప్రోగ్రాంను పిలిస్తే అది ఒకే మాట చెప్పింది. ఈ డిస్కు మీద నాకు తెలియని కొత్త ఏర్పాటు ఏదో ఉంది, నా కొత్త వెర్షన్ తెచ్చుకోండి అని. కొత్త సర్వర్ తనకు తెలిసిన కొత్త పద్ధతిలో ఫార్మాట్ చేసి పోయింది. పాత సర్వర్ అన్నాళ్ళూ ఆ డిస్కును వాడుకోగలిగింది కాని, దానిలోని బాగుచేసే పాత ప్రోగ్రాంకు ఆ పద్ధతి తెలియదు. వైద్యుడు పాతవాడు, రోగం కొత్తది.

ఆ పూటే డాక్టర్ సుధాకర్ గారు మా గదికి వచ్చారు. ఆయన ఛాతీ ఆపరేషన్ల డాక్టరు. యాదగిరి అనే పేషెంటుకు ఊపిరితిత్తిలో ఒక మచ్చ కనిపించింది. చాలా ఏళ్ళ కిందట స్కూటర్ మీద నుంచి పడ్డప్పుడు అతనికి ఇదే ఆసుపత్రిలో ఛాతీ స్కాన్ తీశారు. ఆ పాత స్కాన్‌లో అదే మచ్చ, అంతే సైజులో ఉంటే భయం లేదు, కోయక్కర్లేదు. లేకపోతే ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేయాలి. అప్పటి ఫిల్ము ఇంట్లో వానకు తడిసి పాడైంది. అంటే ఆ బొమ్మ ఉంటే మా డిస్కులోనే ఉండాలి. మర్నాటికి ఆపరేషన్ పెట్టుకున్నారు.

యాదగిరి మా గది బయట బెంచీ మీదే కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, పక్కన నల్లటి పొడుగు పెట్టె. పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడట. నేను బయటికి వస్తే లేచి నిలబడ్డాడు. నన్ను కూడా డాక్టరే అనుకున్నాడు.

"మేడం, ఊపిరితిత్తి గింత కోసినంక మళ్ల ఊదొస్తదా?" అని అడిగాడు.

నేను డాక్టర్‌ను కానని చెప్పాను. అతను అయినా సరే అన్నట్టు నా ముఖమే చూస్తున్నాడు. వెతుకుతున్నామని మాత్రం చెప్పి లోపలికి వచ్చేశాను.

నరేష్ అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. కోడ్ తన ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చేస్తానన్నాడు. వద్దన్నా వినడని ఊరుకున్నాను. తెచ్చాడు. సర్వర్ దాన్ని ముట్టుకోలేదు. ల్యాప్‌టాప్‌లో ఉన్న కొత్త లైబ్రరీ, అంటే తోడు ఫైళ్ళు, కావాలంది, పాత సర్వర్‌లో అవి లేవు. కొత్తగా ఈ పనికి వచ్చే ప్రతివాడూ చేసే పొరపాటే ఇది. ఏ మిషన్ మీద నడవాలో ఆ మిషన్ మీదే కంపైల్ చేయాలి. సర్వర్‌ను ఆపేసి పెన్‌డ్రైవ్ నుంచి వేరే సిస్టమ్‌తో లేపుదామన్నాడు తర్వాత. అదీ కుదరదు. అత్యవసర విభాగం స్కాన్లు ఆ క్షణంలో కూడా అదే సర్వర్‌లోకి వస్తున్నాయి.

కాబట్టి పాత దారే. కోడ్ తెచ్చి సర్వర్‌లోనే కంపైల్ చేయాలి. కాని దానికన్నా ముందు చేయాల్సినది ఇంకొకటి ఉంది. చెదిరిన డిస్కు మీద ఎప్పుడూ నేరుగా చెయ్యి పెట్టకూడదు. దాన్ని యథాతథంగా ఒక ఖాళీ డిస్కులోకి నకలు తీసి, నకలు మీద పనిచేయాలి. ఖాళీ డిస్కు సర్వర్ డబ్బాలోనే ఉంది. మిషన్ తనకు దొరికిన వరసలో డిస్కులకు ఏ, బి, సి అని పేర్లు పెట్టుకుంటుంది. పాత స్కాన్ల డిస్కు బి, ఖాళీది సి. మా ఇద్దరికీ అది కంఠతా వచ్చు. రోజూ చూసేదే.

నరేష్ బి నుంచి సి కి నకలు తీయమని టైపు చేశాడు. వేలు ఎంటర్ మీద ఉంది.

"చదువు నరేష్," అన్నాను.

"మేడం, గిప్పుడు సుతనా?" అన్నాడు. డాక్టర్ గారు వెనకే నిలబడి గడియారం చూసుకుంటున్నారు. నరేష్‌కు ఆయన ముందు చిన్నతనంగా ఉందని నాకు తెలుసు. అయినా నేను లేచి డబ్బా వెనక్కి వెళ్ళాను. డాక్టర్ గారు ఇదేమిటని అడిగారు. మా దగ్గర ఇది ఆనవాయితీ అని చెప్పాను. ప్రార్థనా అని ఆయన వెటకారంగా అన్నారు. అలాగే అనుకోండి, ఆమెన్ చెప్పడానికి మీరు కూడా ఉండండి అన్నాను.

పాత స్కాన్ల డిస్కును సర్వర్‌లో పెట్టిన రోజే దాని మీద నరేష్ చేతే ఎర్ర టేపు వేయించాను. ఆ టేపు పక్కనున్న నంబరు పైకి చదివాను. నరేష్ స్క్రీన్ మీద బి డిస్కు నంబరు చదివాడు.

రెండూ కలవలేదు.

మళ్ళీ చదివాను. అతనూ మళ్ళీ చదివాడు, ఈసారి గొంతు తగ్గింది. కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ డిస్కులను వేరే వరసలో చూసుకుంది. ఇప్పుడు ఖాళీ డిస్కు బి అయింది, స్కాన్ల డిస్కు సి అయింది. ఎంటర్ కొట్టి ఉంటే ఖాళీ డిస్కులోని శూన్యం స్కాన్ల మీద పరుచుకునేది. అలా పోయినదాన్ని ఏ పనిముట్టూ తేలేదు. నేనూ బి అనే అనుకున్నాను. టైపు చేసింది నేనైనా అదే టైపు చేసేదాన్ని. పాండురంగం గారు చెప్పిన మాట అక్షరాలా అదే. అలవాటైందే కన్ను చూసింది.

నరేష్ కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. డాక్టర్ గారికి విషయం అర్థమైంది. ఆయన గడియారం చూసుకోవడం మానేసి, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"టైమ్ తీసుకోండి మేడం," అన్నారు. "ఆపరేషన్ ఒక రోజు ఆగుతుంది."

నేను నరేష్‌కు మంచినీళ్ళిచ్చి, అక్షరాలు అటుదిటు మార్చమన్నాను. మళ్ళీ చదివించాను. నంబర్లు కలిశాయి. ఎంటర్.

అన్నిటికీ 'వద్దు'

నకలు నడుస్తుండగా కంపైల్ మొదలుపెట్టాం. కోడ్ అసలైనదేనా అని సరిచూశాం. సూచనల ఫైలు నరేష్ ఈసారి నేను అడక్కుండానే మొదటి నుంచి చివరి దాకా చదివాడు. కంపైల్ అయ్యాక పరీక్షలు నడిపించాం. ఆ కోడ్‌తో పాటే, కావాలని పాడుచేసిన బుల్లి బుల్లి ఫైల్ సిస్టమ్‌లు బోలెడన్ని వస్తాయి. మనం తయారుచేసిన పనిముట్టు వాటన్నిటినీ సరిగ్గా బాగుచేస్తేనే అసలు డిస్కు దగ్గరికి రానివ్వాలి. చాలామంది ఈ పరీక్షలు ఎగ్గొడతారు. పదును చూడని కత్తితో డాక్టర్ గారు కోస్తారా అని అడిగాను. కోయనని ఆయనే ఒప్పుకున్నారు.

బాగుచేసే ప్రోగ్రాం అడుగడుగునా ప్రశ్నలు వేస్తుంది. ఇది చెదిరింది, సరిచేయమంటారా? ఇది ఎవరిదో తెలియదు, తీసేయమంటారా? అన్నిటికీ అవునని ఒకేసారి ముందే చెప్పేసే వీలుంది. కుర్రాళ్ళకు అది మహా ఇష్టం. నేను ఎప్పుడూ మొదటిసారి అన్నిటికీ వద్దని చెప్పే నడిపిస్తాను. అప్పుడది దేన్నీ ముట్టుకోకుండా, ఏమేం చేయబోతుందో మొత్తం చెప్తుంది. అది కూర్చుని చదవాలి. విసుగు పుట్టే చదువే. కాని రోగి చెప్పేది పూర్తిగా వినకుండా మందు రాసే డాక్టరును మనం ఏమంటాం? చదివాక భయపడాల్సింది పెద్దగా లేదని తేలింది. అప్పుడు నకలు మీద అవునన్నాం.

డిస్కు తెరుచుకుంది. చాలా స్కాన్లు వాటి ఫోల్డర్లలోనే ఉన్నాయి. యాదగిరి స్కాన్ ఉండాల్సిన ఫోల్డర్ మాత్రం లేదు. నరేష్ ముఖం వాడిపోయింది. నేను మాత్రం నా ముఖం వాడనివ్వలేదు. పేరూ ఊరూ చెదిరిపోయిన ఫైళ్ళన్నిటినీ బాగుచేసే ప్రోగ్రాం ఒక పక్కన కుప్ప పోస్తుంది, పేరుకు బదులు ఒక్కో దానికి ఒక్కో అంకె తగిలించి. స్కాన్ ఫైలుకు ఒక మంచి గుణం ఉంది. పేషెంటు వివరాలు ఫైలు లోపల కూడా ఉంటాయి. ఆ కుప్పలో యాదగిరి కోసం వెతికించాం. మా వైపు యాదగిరులకు కొదవా? వరసగా వచ్చారు. వయసు, స్కాన్ తీసిన కారణం చూసుకుంటూ నరేష్ ఒక్కొక్కరినీ పక్కన పెట్టాడు. చివరికి స్కూటర్ ప్రమాదం, ఛాతీ స్కాన్, యాదగిరి.

డాక్టర్ గారు బొమ్మను మా గదిలోనే ఒక కంప్యూటర్‌లో తెరిచారు. పక్కనే కొత్తది పెట్టారు. మేమిద్దరం వెనక నిలబడ్డాం. నాకు ఆ మసక బొమ్మల్లో ఏదీ తెలియదు. ఆయన వీపే చూస్తున్నాను. ఆయన ఒక చోట కొలత తీశారు, మళ్ళీ తీశారు. తర్వాత ఎవరూ అడగకుండానే కొలతలు పైకి చదివారు. పాతది ఒకసారి, కొత్తది ఒకసారి.

"అప్పుడూ ఉంది," అన్నారు. "అంతే ఉంది."

నరేష్ గట్టిగా ఊపిరి వదిలాడు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, దాచుకోలేదు. డాక్టర్ గారు బెంచీ దగ్గరికి వెళ్ళి యాదగిరితో మాట్లాడడం అద్దంలోంచి కనిపించింది. మాటలు వినిపించలేదు. యాదగిరి ఆ నల్ల పెట్టెను ఒళ్ళోకి తీసుకున్నాడు.

మీకు చెప్పేది

ఈ పనిలో తెలివి కావాలంటారు. కావాలి, కాదనను. కాని ఆ రోజు గదిలో ఉన్న ముగ్గురికీ తెలివి ఉంది. ముగ్గురి తెలివీ కలిసి ఎంటర్ కొట్టబోయింది. ఆపింది ఒక రైలింజను అలవాటు. మీ గదిలో అలాంటి అలవాటు ఒకటి ఉంటే నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. లేకపోతే మీరే మొదలుపెట్టండి. నరేష్ ఇప్పుడు ఆ గదికి పెద్ద. కొత్తవాళ్ళను డబ్బా వెనక్కి పంపి నంబర్లు చదివిస్తున్నాడని, నాకన్నా చాదస్తం ఎక్కువని వాళ్ళు నాకే ఫోన్ చేసి చాడీలు చెప్తుంటారు. వింటుంటే ఎంత హాయిగా ఉంటుందో.

మొన్న పెళ్ళిళ్ళ రోజుల్లో చిలకలగూడ వైపు ఆటోలో వెళ్తుంటే ముందు ఒక బరాత్ అడ్డొచ్చింది. గుర్రం, లైట్లు, రోడ్డంతా డాన్సులు. వెనక బండ్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి. మా ఆటో అబ్బాయి పరేషాన్ అయిపోయి తనూ మొదలుపెట్టాడు. నేను తల బయటికి పెట్టి చూశాను. బ్యాండు ముందు వరసలో ఎర్ర కోటు తొడుక్కుని, కళ్ళు మూసుకుని, బుగ్గలు పూరించి క్లారినెట్ ఊదుతున్నాడు యాదగిరి. ఒక్క ఊపిరిలో రాగాన్ని పైకి తీసుకెళ్ళి అక్కడే పట్టుకుని నిలిపాడు, దించడే.

"ఏందమ్మా గీ లొల్లి, ఎంతసేపు ఆగాలె," అన్నాడు ఆటో అబ్బాయి.

"హారన్ ఆపు బాబూ," అన్నాను. "ఆయన్ని ఊదనీ."